ఇరుసుకి ముందా, వెనకా?

విశాఖ నుంచి విజయవాడ వచ్చే హైవే మీద ఎప్పుడైనా గమనించారా? కంటెయినర్‌ని ఎక్కడో దించేసి, ఒట్టి తలకాయ ఒక్కటే మిగిలినట్టు ఓ లారీ పరిగెడుతూ ఉంటుంది. క్యాబిన్ వెనక, చక్రాల మీద, గ్రీజు పట్టిన నల్లటి ఇనప పళ్లెం ఒకటి కనిపిస్తుంది. వెనకవైపు చీలిక ఉండటంతో దూరం నుంచి పెద్ద గుర్రపు నాడాలా ఉంటుంది. దాని పేరు ఫిఫ్త్ వీల్. ఐదో చక్రం అన్నమాట. నేలని తాకదు, దొర్లదు. పేరు మాత్రం చక్రం!

ఈ పేరు గుర్రబ్బగ్గీల కాలం నాటిది. మన ఎడ్లబండికి రెండే చక్రాలు కాబట్టి ఎద్దులు ఎటు తిరిగితే బండీ అటే తిరుగుతుంది. నాలుగు చక్రాల బగ్గీకి ఆ వీలు లేదు. ముందు ఇరుసు విడిగా తిరగాలి. అందుకని ఆ ఇరుసుకీ బండి పెట్టెకీ మధ్య ఓ ఇనప వలయాన్ని పడుకోబెట్టారు. నాలుగు చక్రాలు నేల మీద, ఐదోది వాటిపైన అడ్డంగా. (మన గుళ్ల రథాలకి ఈ ఏర్పాటు లేదు. అందుకే మలుపు వచ్చినప్పుడల్లా చక్రాల కింద కర్రమొద్దులు వేసి, కేకలు పెట్టుకుంటూ తిప్పాలి.) బగ్గీలు పోయాయి, పేరు మిగిలింది. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి ఓ కలప వ్యాపారి వచ్చి, నా పడవని నా ఫోర్డు కారుతో లాక్కెళ్లే ఏర్పాటు చేసిపెట్టమన్నాడు. ఫ్రూహాఫ్ చేసిచ్చిన ఆ బండికి ముందు చక్రాలు లేవు. ముక్కు కారు మీద ఆనుతుంది, వెనక భాగం సొంత చక్రాల మీద నడుస్తుంది. సెమీ ట్రైలర్ల వ్యాపారం అలా ఊపందుకుంది. 1920ల చివర్లో విమానాల గ్లెన్ కర్టిస్ ఇదే పద్ధతిలో జనం పడుకుని ప్రయాణించే ట్రైలర్లు తయారుచేయించాడు. కారు వెనక భాగంలో ఒక టైరుని పడుకోబెట్టి, దాని నడుమ ట్రైలర్ ముక్కుని దించేవారు. ఐదో చక్రం అప్పుడు మళ్లీ నిజంగానే చక్రమైంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ ఐదో చక్రం మా అక్కావాళ్లింట్లో రెండ్రోజులు అన్నం సహించకుండా చేసింది కాబట్టి.

2023 నవంబరులో నేను అమెరికా వెళ్లాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో అక్కావాళ్లుంటారు. రేపల్లె పక్కన పల్లెటూరి నుంచి బావగారి నాన్న, అంటే మా మామయ్య, ఆరు నెలలుందామని అప్పటికే వచ్చి ఉన్నారు. వచ్చినాయనకి దేశమంతా చూపించాలని బావకి సరదా. హోటళ్లలో దిగితే మామయ్యకి తిండి కుదరదు. అందుకని ఇల్లంత ట్రైలర్ ఒకటి కొన్నాడు. వంటగది, బాత్రూము, సోఫా, ఫ్రిజ్ అన్నీ అందులోనే. ముక్కు భాగం ఎత్తుగా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, అందులో పడకగది. ఆ ముక్కు కిందనుంచి రెండంగుళాల మందం ఇనప కడ్డీ వేలాడుతూ ఉంటుంది. కింగ్ పిన్ అంటారు. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో ఐదో చక్రం బిగించి, దాని చీలికలోకి ఈ కడ్డీని పోనిచ్చి దవడలు మూస్తే ట్రక్కూ ట్రైలరూ ఒకటవుతాయి. హైవే మీద చూసిన కంటెయినర్ లారీకి ఇది చిన్న తమ్ముడు.

ఐదో చక్రాన్ని బావ సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా పట్టాడు. తనే బిగించుకుందామని గ్యారేజీలో డ్రిల్లింగ్ మిషనుతో సహా సిద్ధమయ్యాడు. తొట్టిలో ఎక్కడ బిగించాలన్న దగ్గర వచ్చింది పేచీ.

లెక్క చూడండి. అమెరికాలో పెద్ద పికప్పుల తొట్టి సాధారణంగా ఎనిమిదడుగులో ఆరున్నర అడుగులో ఉంటుంది. పిల్లలకి వెనక సీటు కావాలి, బండి పార్కింగులో పట్టాలి కాబట్టి బావ ఆరున్నర అడుగులది తీసుకున్నాడు. అందులో వెనక ఇరుసు నుంచి క్యాబిన్ వెనక అద్దం దాకా ఉన్నది సుమారు 40 అంగుళాలు. ట్రైలర్ వెడల్పేమో 96 అంగుళాలు. అంటే కింగ్ పిన్ నుంచి అటు 48, ఇటు 48. తిన్నగా పోతున్నంతసేపూ ఇబ్బంది లేదు. కానీ ట్రైలర్‌ని ఓ చోట నిలబెట్టడానికి రివర్సు చేస్తూ ట్రక్కుని పూర్తిగా అడ్డం తిప్పితే, ట్రైలర్ పక్కగోడ క్యాబిన్ వైపు తిరుగుతుంది. 48 అంగుళాల గోడకి అక్కడున్న జాగా 40. ముక్కు మూల అయితే అంతకంటే ముందే తగులుతుంది. తగిలేదేమో వెనక అద్దానికి.

ఆ అద్దానికి ఇవతల, వెనక సీట్లో కూర్చునేది మా అక్క పిల్లలిద్దరూ.

అందుకే బావ ఆలోచన ఇదీ: ఐదో చక్రాన్ని ఇరుసుకి ఒక అడుగు వెనక్కి జరిపి బిగిస్తే 40 కాస్తా 52 అవుతుంది. 48 పోను ఇంకా నాలుగంగుళాల సందు మిగులుతుంది. అద్దం క్షేమం, పిల్లలు క్షేమం. నాకూ సబబుగానే తోచింది. అక్క అయితే "రెండడుగులు జరపండి, పోయేదేముంది" అంది.

మామయ్య ఏమీ అనలేదు. ట్రక్కు చుట్టూ ఓ తిరుగుడు తిరిగొచ్చి, బావ సుద్దముక్కతో గీసిన గీత దగ్గర ఆగారు.

"ఒరే నాయనా, ఇరుసెక్కడుంది, నువ్వు బరువెక్కడ దించుతున్నావు?"

"ఇరుసుకి అడుగు వెనక, నాన్నా."

"వెనక బరువైతే కాడి పైకి లేవదంట్రా?"

ఎడ్లబండి తోలినవాళ్లకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. గడ్డి వేసినా ఇటుకలు వేసినా బరువు ఇరుసుకి రవ్వంత ముందుండాలి. మరీ ముందైతే ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనకైతే నొగలు పైకి లేచి, మెడకింది తాడు వాటి గొంతు పట్టేస్తుంది. బండి నిండాక మామయ్య నొగ కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసేవారట. ఒక చేత్తో లేచిందంటే సరిగ్గా కుదిరినట్టు.

"ఇది ఎడ్లబండి కాదు నాన్నా, నాలుగు వందల గుర్రాల బండి" అని బావ నవ్వేశాడు. మామయ్య నవ్వలేదు. ఆ పూట పని ఆగిపోయింది.

రాత్రి బావా నేనూ కాగితం ముందేసుకున్నాం. ట్రైలర్ సామానుతో కలిపి 4,500 కిలోలనుకుందాం. ఈ రకం ట్రైలర్లలో 15 నుంచి 25 శాతం దాకా బరువు ముక్కు మీద పడుతుంది. ఐదో వంతు వేసుకుంటే 900 కిలోలు. ట్రక్కు ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం దాదాపు 150 అంగుళాలు. ఆ 900 కిలోలని వెనక ఇరుసుకి 12 అంగుళాల వెనక దించితే, ముందు చక్రాల మీంచి లేచిపోయే బరువు 72 కిలోలు. స్కూల్లో చదివిన తూగుడుబల్ల లెక్కే.

"చూశావా? ఒక మనిషి దిగినంత. దీనికేం కాడి లేస్తుంది!" అన్నాడు బావ.

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ అంకె చిన్నదనే అనిపించింది. ట్రైలర్‌ని బంపర్ దగ్గర తగిలించే మామూలు పద్ధతిలో అయితే కొక్కెం ఇరుసుకి అయిదడుగుల వెనక ఉంటుంది. అక్కడ పడే బరువు తక్కువే అయినా, దూరం ఎక్కువ కావడంతో ఇంత ట్రైలర్‌కి ముందు చక్రాల మీంచి రెండొందల కిలోల దాకా లేచిపోతుంది. దాన్ని సర్దడానికి స్ప్రింగు కడ్డీల ఏర్పాటు వేరే ఉంది. ఆ లెక్కన 72 కిలోలు ఎంత?

అయినా ట్రక్కు తయారీదార్లూ, హిచ్‌లు చేసేవాళ్లూ అడిగేది ఒకటే. ఐదో చక్రం ఇరుసుకి సరిగ్గా పైన ఉండాలి, లేదా రెండు మూడు అంగుళాలు ముందుండాలి. వెనక మాత్రం కూడదు. ఎందుకంత పట్టుదల?

మర్నాడు పొద్దున్న చిన్నపిల్లాడి సైకిలు దగ్గర అర్థమైంది. సైకిల్ని వెనక చక్రం ఇరుసుకి సూటిగా సీటు దగ్గర పట్టుకుని పక్కకి నెట్టండి. ఒరుగుతుంది, అంతే. అదే క్యారేజీ చివర పట్టుకుని నెట్టండి. హేండిలు అటూ ఇటూ కొట్టుకుంటుంది. పక్కనుంచి పెద్ద లారీ దూసుకుపోయినప్పుడు ఆ గాలి తోపు ఇంటి గోడంత ఉన్న ట్రైలర్ మీద పడుతుంది. ట్రైలర్ ఆ తోపుని కింగ్ పిన్ ద్వారా ట్రక్కుకి అందిస్తుంది. పిన్ ఇరుసు మీదే ఉంటే వెనక టైర్లు దాన్ని నేరుగా మోసేస్తాయి, ట్రక్కు మూతి తిరగదు. ఇరుసుకి వెనకుంటే ఆ అడుగు దూరం ఓ చిన్న తెడ్డులా పనిచేస్తుంది. స్టీరింగు మీ చేతిలో ఉన్నా, వెనకనుంచి ఇంకొకరు కూడా తిప్పుతుంటారు. అదే సమయానికి ముందు చక్రాలు 72 కిలోలు తేలికై ఉన్నాయి. గతుకు మీద వెనక భాగం దిగి ముందు లేచిన క్షణాన అవి ఇంకా తేలిక. వంపులో, వానలో, బ్రేకు వేసినప్పుడు ఈ రెండూ కలిశాయంటే ఏమవుతుందో కాగితం మీద కనపడదు.

అంటే మామయ్య చెప్పిన కారణం సగమే. చెప్పిన చోటు మాత్రం సరైనదే.

ఆయన భయానికి ఇంకో మూలం ఉంది. ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఆయనే చెప్పారు. వాళ్ల ఊళ్లో దమ్ములో దిగబడ్డ ట్రాక్టర్‌ని ఇంకో ట్రాక్టర్‌తో లాగుతూ, గొలుసుని కింద ఉండే కొక్కేనికి కాకుండా పైనెక్కడో కట్టారట. లాగగానే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. తోలేవాడు దూకాడు కాబట్టి బతికాడు. కొక్కెం ఇరుసు ఎత్తుకి పైకి పోతే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుందని తయారీదార్లిచ్చే పుస్తకాల్లో రాసే ఉంటుంది. ఎందరు చదువుతారు? తగిలించే చోటు బెత్తెడు మారితే ప్రాణం మీదికొస్తుందని కళ్లారా చూసిన మనిషికి, అడుగు దూరం చిన్న సంగతిగా ఎలా కనిపిస్తుంది?

సరే, ఇరుసు మీద పెడితే అద్దం సంగతేమిటి? బావ బెంగ కూడా అబద్ధం కాదు కదా.

దీనికి మూడు దారులు. మొదటిది, అసలు ఎనిమిదడుగుల తొట్టి ఉన్న ట్రక్కే కొనుక్కోవడం. అందులో ఇరుసు నుంచి క్యాబిన్‌కి 56 అంగుళాల దాకా ఉంటుంది, ఏ గొడవా ఉండదు. ట్రైలర్ కొనాలన్న ఆలోచన ఉన్నవాళ్లు ట్రక్కు కొనకముందే టేపు పట్టుకెళ్లాలి. మా బావ తొట్టి పొడుగు అడిగాడట గానీ, ఇరుసు ఎక్కడుందో అడగలేదు. రెండోది, ముక్కు మూలలు బాగా కోసి గుండ్రంగా చేసిన ట్రైలర్. ఇప్పుడు చాలా కంపెనీలు అలా చేస్తున్నాయి. మూల తగలడం ఆలస్యమవుతుంది కానీ, నలభై అంగుళాల జాగాలో పూర్తిగా అడ్డం తిప్పడానికి అదొక్కటే చాలదు. మూడోది, జారే హిచ్. స్లైడర్ అంటారు. మామూలుగా ఇరుసుకి ముందే తాళం పడి ఉంటుంది. ఇరుకులో తిప్పాల్సి వచ్చినప్పుడు ట్రైలర్ బ్రేకులు పట్టించి, తాళం తీసి, ట్రక్కుని మెల్లగా ముందుకి పోనిస్తే ఐదో చక్రం పట్టాల మీద అడుగు దూరం వెనక్కి జారుతుంది. పనయ్యాక రివర్సు చేసి మళ్లీ ముందుకి తెచ్చి తాళం వెయ్యాలి. వెనక్కి జరిపి ఉన్నంతసేపూ నడక వేగమే. హైవే ఎక్కకూడదు. దానంతటదే జారే రకాలూ ఉన్నాయి, ధర చూస్తే కళ్లు తిరుగుతాయి.

చవగ్గా వచ్చిందని మురిసిన పాత హిచ్‌ని బావ అమ్మేసి, చేత్తో జరిపే స్లైడర్ తెచ్చాడు. రెండ్రోజులు మొహం ముడుచుకున్నాడు గానీ తెచ్చాడు.

ఇక బిగింపు. నాకు తెలియక చాలా తేలికనుకున్న పని ఇది. మొదట ఇరుసు నడిబొడ్డు ఎక్కడుందో తొట్టి మీదికి తీసుకురావాలి. తొట్టిలోకి ఉబ్బెత్తుగా వచ్చే చక్రం గూడు మధ్యనుంచి కొలిస్తే తప్పు. గూడు మధ్యా ఇరుసు మధ్యా ఒకటి కానక్కర్లేదు. మామయ్య పురికొసకి ఓ నట్టు కట్టించారు. తాపీమేస్త్రీలు గోడ నిటారు చూసే పద్ధతే. చదునైన చోట ట్రక్కుని ఖాళీగా నిలిపి, తొట్టి అంచునుంచి దారం వదిలి, అది చక్రం నడిబొడ్డు మీదికి వచ్చిన చోట అంచు మీద గుర్తు. అటువైపూ అలాగే. రెండు గుర్తుల్నీ కలిపి గీత గీసి, దానికి రెండంగుళాలు ముందు పిన్ నిలిచేలా చూసుకున్నాం. బావ సుద్దగీత చక్రం గూడు లెక్కన గీసిందట. అంగుళంన్నర తేడా వచ్చింది.

పట్టాలని తొట్టి రేకుకి బిగిస్తే చాలదు. ఆ రేకు అంత బరువుకి ఆగదు. కింద చట్రానికి బ్రాకెట్లు వేసి, వాటిలోకి బోల్టులు దింపాలి. పెట్రోలు గొట్టం, వైర్లు ఎక్కడున్నాయో కింద దూరి చూడకుండా చిల్లు పెట్టకూడదు. చివరికి బ్రాకెట్ల పనికి బావ మనిషిని పిలిపించాడు. అదొక్కటే నేనిచ్చిన సలహా. ఎత్తు కూడా చూసుకోవాలి. ట్రైలర్ చదునుగా నిలవాలి, దాని ముక్కు అడుక్కీ తొట్టి అంచుకీ మధ్య ఆరంగుళాలైనా ఉండాలి. లేదంటే ఎగుడుదిగుడు దారిలో తొట్టి అంచులు నలుగుతాయి.

డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు స్టిక్కరుంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. బావ ట్రక్కుకి అది 1,370 కిలోలు. ట్రక్కు ఎంత లాగగలదన్నది అందరూ చూస్తారు, ఎంత మోయగలదన్నది మర్చిపోతారు. ముక్కు బరువు 900, స్లైడర్ 110, మనుషులు అయిదుగురికి 300. మొత్తం 1,310. మిగిలింది 60 కిలోలు. అక్క సర్దిన బియ్యం, పప్పులు, ఆవకాయ జాడీలు తొట్టిలోంచి ట్రైలర్ వెనక భాగంలోకి మారాయి. ట్రైలర్ అమ్మేవాళ్లు కాగితంలో వేసేది ఖాళీ బండి బరువని అప్పుడు గుర్తొచ్చింది. నీళ్ల ట్యాంకు నిండితే లెక్క మళ్లీ మారుతుంది.

ఆదివారం పొద్దున్న దగ్గర్లో ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగు స్థలానికి ట్రైలర్‌ని తీసుకెళ్లాం. తొట్టి వెనక తలుపు దించకుండా రివర్సు చేసి సొట్ట పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారని బావే చెప్పాడు, చెబుతూనే దించడం మర్చిపోయాడు. అక్క అరిచింది కాబట్టి సరిపోయింది. పిన్ లోపలికి వెళ్లింది. దవడలు పడ్డ చప్పుడైంది. చప్పుడు విని నమ్మకూడదు. ఒక్కోసారి పిన్ దవడల్లో పడకుండా పైనే కూర్చుంటుంది. బయల్దేరగానే ట్రైలర్ ముక్కు వచ్చి తొట్టి మీద పడుతుంది. అందుకని టార్చి వేసి చూశాం. ట్రైలర్ ముందుకాళ్లు నేల మీదే ఉంచి, దాని బ్రేకులు పట్టించి, ట్రక్కుని కొంచెం ముందుకి లాగి చూశాడు బావ. కదల్లేదు. అప్పుడు కాళ్లు పైకెత్తాడు.

స్లైడర్ తాళం తీసి వెనక్కి జరిపాడు. పిన్‌కీ అద్దానికీ మధ్య 38 అంగుళాలున్నది 50 అయింది. పిల్లల్ని దింపేశాం. బావ స్టీరింగు మొత్తం తిప్పి అంగుళం అంగుళం వెనక్కి వస్తున్నాడు. ట్రైలర్ గోడ క్యాబిన్ వైపు తిరుగుతోంది. మామయ్య అద్దం పక్కన నిలబడి చెయ్యెత్తి "ఆగు" అన్నారు. ట్రక్కు పూర్తిగా ఆగి, బావ హ్యాండ్‌బ్రేకు వేశాక, కాలివేళ్ల మీద లేచి అద్దానికీ గోడకీ మధ్య వేళ్లు పెట్టి చూశారు.

"మూడు వేళ్లు పడుతున్నాయి. ఇంక తిప్పమాక" అన్నారు.

బావ తాళం ముందుకి వేసుకున్నాడు. మామయ్య వెళ్లి ఆ తాళాన్ని తన చేత్తో మళ్లీ ఓసారి గుంజి చూసి, అప్పుడు పిల్లల్ని ఎక్కమన్నారు.